గేదె ఎందుకు చేపుతుంది? నరాలు, హార్మోన్ల జమిలి పని

(గ్రంథాలయంలో జరిగిన సాయంత్రపు సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం.

మీలో ఇంట్లో పాడి ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. సరే, చాలామందే ఉన్నారు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు? అబ్బో, వీళ్లు ఇంకా ఎక్కువ. (నవ్వులు) ఇవాళ నేను చెప్పేదాంట్లో రెండు గుంపులకూ పనికొచ్చేది ఉంది.

పదో తరగతి జీవశాస్త్రంలో నియంత్రణ, సమన్వయం గురించి ఒక పాఠం ఉంటుంది. ఆ పాఠానికి పిల్లలు ఒక పట్టిక బట్టీ పడతారు. ఎడమ పక్క నాడీ వ్యవస్థ, కుడి పక్క అంతఃస్రావ గ్రంథులు, అంటే హార్మోన్లనే రసాయనాలను నేరుగా నెత్తుట్లోకి వదిలే గ్రంథులు. నరాలది విద్యుత్తు, హార్మోన్లది రసాయనం. నరాలు చురుకు, హార్మోన్లు నిదానం. నరం చెప్పేది ఒక్కచోటికే, హార్మోన్ వెళ్లేది ఒళ్లంతా. పరీక్షకు ఇది చాలు, మార్కులు వచ్చేస్తాయి. చాలా ఏళ్లు మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెప్పినవాణ్ణి, నాకు ఆ పట్టిక మీద ఒక ఫిర్యాదు ఉంది. ఒక్కో గడిలో రాసింది చాలావరకు నిజమే. మధ్యలో నిలువుగా గీసిన గీత మాత్రం ఒంట్లో ఎంత వెతికినా కనబడదు.

గేదెతో మొదలుపెడదాం. పాలు పిండేవాళ్లకు తెలుసు, బకెట్టు పట్టుకుని కూర్చోగానే పాలు రావు. దూడను వదలాలి. అది చన్ను నోట పట్టాలి, తలతో పొదుగును కుమ్మాలి. ఓ నిమిషం గడిచాక చన్నులు పాలతో నిండి బిగుస్తాయి. గేదె చేపింది అంటాం. అప్పుడు దూడను పక్కకు లాగి కట్టేస్తాం. పాలు అంతకుముందు కూడా పొదుగులోనే ఉన్నాయి. మరి ఆ నిమిషంలో ఏం జరిగింది?

చన్ను చర్మంలో నరాల కొనలు ఉంటాయి. దూడ నాలుక తగలగానే అవి మేలుకుంటాయి. ఆ కబురు వెన్నుపాము గుండా మెదడు అడుగున ఉన్న హైపోథలామస్ అనే చిన్న భాగానికి చేరుతుంది. మనిషిలో దాని బరువు నాలుగు గ్రాములు ఉంటుందేమో, అంతే. ఇంతవరకూ పట్టికలో ఎడమ పక్క కథ. ఇప్పుడు చూడండి. హైపోథలామస్‌లో కొన్ని నాడీకణాలున్నాయి. వాటి పొడవాటి తోకలు కిందికి దిగి, మెదడు కింద వేలాడే పీయూష గ్రంథి, అంటే పిట్యూటరీ, వెనక భాగంలో ఆగుతాయి. మామూలు నాడీకణం తన తోక చివర ఉన్న రసాయనాన్ని పక్క కణం మీదికి వదులుతుంది. ఇవి మాత్రం నేరుగా నెత్తుట్లోకి వదిలేస్తాయి. ఆ రసాయనమే ఆక్సిటోసిన్. అది నెత్తురుతో కలిసి గుండె మీదుగా తిరిగి పొదుగుకు వస్తుంది. అక్కడ పాల గదుల చుట్టూ అల్లుకుని ఉన్న, కండరం లాంటి కణాలను పిండుతుంది. పాలు కిందికి దిగుతాయి. నెత్తురు అంత దూరం తిరిగి రావాలి కాబట్టే ఆ నిమిషం ఆలస్యం.

ఇప్పుడు ఆ హైపోథలామస్ కణాన్ని ఏ గడిలో రాయాలి? ఆకారం చూస్తే నాడీకణం. విద్యుత్తుతోనే పనిచేస్తుంది. చేసే పనేమో గ్రంథి పని.

1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే ఇద్దరు పాడి శాస్త్రవేత్తలు ఆవుల మీద ఒక పరిశోధన అచ్చువేశారు. పొదుగులో ఒక సగానికి వెళ్లే నరాలు కోసేశారు. అయినా ఆవు చేపినప్పుడు రెండు సగాలూ చేపాయి. అంటే పొదుగుకు కబురు తిరిగి వస్తున్నది నరం మీద రావడం లేదు, నెత్తుట్లో వస్తోంది. తర్వాత ఆవును భయపెట్టి చూశారు. ఎలా భయపెట్టారంటే, దాని వీపు మీద ఒక పిల్లిని కూర్చోబెట్టి, పది సెకన్లకొకసారి కాగితం సంచీలు పేల్చారు! కొన్నాళ్లకు పిల్లి అనవసరం అని తేల్చి, దాన్ని తీసేశారట. (నవ్వులు) భయపడిన ఆవు చేపలేదు. భయపెట్టకుండా ఎడ్రినలిన్, అంటే భయం వేసినప్పుడు ఒంట్లో పుట్టే హార్మోన్, ఇంజెక్షన్ ఇచ్చినా అదే ఫలితం. కొత్త మనిషి పాలు పిండడానికి కూర్చున్నా, కుక్క మీదికొచ్చినా గేదె చేపదని మన ఇళ్లలో ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. కారణం ఎడ్రినలిన్. అది మెదడు దగ్గర ఆక్సిటోసిన్‌ను ఆపుతుంది, పొదుగు దగ్గర రక్తనాళాలను బిగించి వచ్చిన కాస్త ఆక్సిటోసిన్‌నూ చేరనివ్వదు. ఇంకో మాట. ఆక్సిటోసిన్ నెత్తుట్లో కొద్ది నిమిషాలే ఉంటుంది. చేపిన గేదెను వదిలేసి ఫోన్ మాట్లాడి వస్తే ఆ పూట పాలు తగ్గాయని దాన్ని తిట్టకండి.

తల్లుల విషయమూ ఇదే. బిడ్డ నోరు తగలక ముందే, పక్క గదిలో ఏడుపు వినబడగానే పాలు వచ్చి రవిక తడిసిన అనుభవం చాలామంది తల్లులకు ఉంటుంది. అక్కడ చన్ను నరం ప్రమేయం కూడా లేదు. చెవి విన్నది, మెదడు గుర్తుపట్టింది, హార్మోన్ వదిలింది. 1948లో న్యూటన్ అనే పరిశోధక దంపతులు ఒక తల్లి మీద పరీక్షించి చూశారు. పాలిచ్చే సమయంలో పాదాలు ఐసు నీళ్లలో పెట్టించడం, గబగబా లెక్కలు అడగడం లాంటివి చేస్తే బిడ్డకు అందే పాలు తగ్గాయి. ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే మళ్లీ దాదాపు మామూలుగా వచ్చాయి. పాలు తయారవుతూనే ఉన్నాయి, దిగడమే ఆగింది. కాబట్టి బాలింత దగ్గర కూర్చుని ‘పాలు చాలట్లేదు, పాలు చాలట్లేదు’ అని పదిమందీ అంటుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అత్తగార్లు కోప్పడకూడదు. (నవ్వులు)

దూడ చచ్చిపోయిన గేదెకు కొందరు ఆక్సిటోసిన్ పొడుస్తారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్‌లో, పాలకోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజెక్షన్లు ఇవ్వడం నేరమని ఉంది. దాని మీద నా అభిప్రాయం దాచను. పూట పూటా సూది పొడవడం క్రూరమైన పని. ఓపికగా తవుడు పెట్టి, పొదుగు కడిగి, రోజూ ఒకే మనిషి కూర్చుంటే దూడ లేని గేదెలు కూడా చేపడం నేర్చుకుంటాయి, ఎందుకంటే ఆ దారికి మెదడులో నేర్చుకునే గుణం ఉంది.

సరే, ఇప్పుడు చరిత్రలోకి కొంచెం వెళదాం. నరాలు వేరు, హార్మోన్లు వేరు అన్న గీత ఎప్పుడు పడిందో చూద్దాం. 1902కు ముందు హార్మోన్ అన్న మాటే లేదు. ఒంట్లో ఒకచోట ఏదైనా జరిగి ఇంకోచోట దాని ఫలితం కనబడితే, మధ్యలో నరమే ఉండి తీరాలని శాస్త్రవేత్తల నమ్మకం. ఆ నమ్మకానికి పెద్ద దిక్కు రష్యాలో పావ్‌లోవ్. అన్నం జీర్ణాశయంలోంచి చిన్న పేగులోకి దిగగానే క్లోమం, అంటే పాంక్రియాస్, రసం వదులుతుంది. దానికి తెలిసేదెలా? నరాల ద్వారానే అని ఆయన ల్యాబు వాళ్లందరి మాట.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అని ఇద్దరు ఉండేవారు. ఒకరికొకరు బావాబావమరదులు. 1902 జనవరిలో మత్తు ఇచ్చిన ఒక కుక్కలో, చిన్న పేగు ముక్క ఒకదానికి ఉన్న నరాలన్నీ తీసేశారు. రక్తనాళాలు మాత్రం ఉంచారు. ఆ ముక్కలో ఆమ్లం పోశారు. నరం లేదు కాబట్టి క్లోమానికి కబురు అందకూడదు. కానీ క్లోమం రసం వదిలింది. అప్పుడు స్టార్లింగ్, ఇది రసాయనం ద్వారా జరిగే ప్రతిచర్య అయి ఉండాలని అక్కడికక్కడే అని, పేగు లోపలి పొరను గీకి, ఇసుక, ఆమ్లం కలిపి నూరి, వడకట్టి, ఆ నీటిని కుక్క సిరలోకి ఎక్కించాడు. కాసేపట్లో క్లోమం నుంచి చుక్కలు పడ్డాయి. ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. ఇలాంటి రసాయనాలన్నింటికీ కలిపి హార్మోన్ అనే పేరును స్టార్లింగ్ 1905లో తన ఉపన్యాసాల్లో వాడాడు.

ఈ కబురు సెంట్ పీటర్స్‌బర్గ్ చేరింది. పావ్‌లోవ్ తన ల్యాబులో అదే ప్రయోగం చేయించి పక్కన నిలబడి చూశాడు. క్లోమం రసం వదిలింది. ఆయన మాట్లాడకుండా తన గదిలోకి వెళ్లి, అరగంట తర్వాత బయటికొచ్చి, వాళ్లు చెప్పింది నిజమే, సత్యానికి మనం పేటెంటేమీ తీసుకోలేదు కదా అన్నాడని ఆయన శిష్యుడు రాశాడు. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో ఆయనకే నోబెల్ వచ్చింది. అయితే పావ్‌లోవ్ పూర్తిగా తప్పనడానికీ లేదు. క్లోమానికి నరాలూ వెళ్తాయి, అవీ రసం వదిలిస్తాయి. రెండు దారులూ ఉన్నాయి. ఆ సంగతి మరుగున పడి, గీత మాత్రం పుస్తకాల్లో మిగిలిపోయింది.

ఆ గీతను రెండో పక్క నుంచి చెరిపినవాడు ఆస్ట్రియాలో పనిచేసే ఆటో లోవీ అనే శాస్త్రవేత్త. నరం చివర కబురు ఎలా దాటుతుంది, విద్యుత్తుగానా, రసాయనంగానా? లోవీకి ఒక రాత్రి కలలో ప్రయోగం తోచింది. లేచి కాగితం మీద గీశాడు. తెల్లవారాక తన రాత తనకే అర్థం కాలేదు! మర్నాటి రాత్రి మళ్లీ అదే కల వస్తే, ఈసారి ఆలస్యం చేయకుండా ల్యాబుకు పరిగెత్తాడు. రెండు కప్ప గుండెలు తీసుకున్నాడు. మొదటి గుండెకు వెళ్లే వేగస్ నరాన్ని కదిలిస్తే ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండో గుండెకు పోస్తే, ఏ నరమూ తాకకుండానే అదీ నెమ్మదించింది. 1921లో ఈ ఫలితం అచ్చయింది. ఆ పదార్థం ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. రెండేళ్లకే ఆస్ట్రియాను నాజీలు ఆక్రమించి, యూదుడైన ఆయన్ను జైల్లో పెట్టి, ఆ బహుమతి సొమ్ము లాక్కుని దేశం దాటనిచ్చారు.

ఇక పట్టికలో వేగం గడి. దీని మీద ఎక్కువసేపు ఆగను. గడపకు బొటనవేలు తగిలితే ముందు చురుక్కుమంటుంది, కాసేపాగి సలుపు మొదలవుతుంది. రెండూ నరాలే మోస్తాయి. శరీరంలో అన్నిటికన్నా వేగమైన నరాలు సెకనుకు వంద మీటర్లు పోతే, సలుపు మోసే సన్న నరాలు మీటరు దాకా మాత్రమే నడుస్తాయి. హార్మోన్లలోనూ ఎడ్రినలిన్ సెకన్లలో పనిచేస్తుంది, థైరాయిడ్ వారాలు తీసుకుంటుంది. మూత్రపిండం మీద కూర్చుని ఎడ్రినలిన్ వదిలే ఎడ్రినల్ గ్రంథి లోపలి భాగం పుట్టుకలో నాడీ కణజాలమే, కడుపులో పిండం ఎదుగుతున్నప్పుడు అక్కడికి వలస వచ్చి స్థిరపడింది. ఇప్పటికీ వెన్నుపాము నుంచి నరాలు సూటిగా వచ్చి దానికి పని చెబుతాయి.

ఎండాకాలం సంగతి చెప్పాలి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో పొలంలో పనిచేసే మనిషికి గంటకు లీటరు చెమట పోవచ్చు. నీరు పోతే నెత్తురు చిక్కబడుతుంది. ఆ చిక్కదనం ఒకటి రెండు శాతం పెరిగినా హైపోథలామస్ పసిగడుతుంది. ఆక్సిటోసిన్‌కు చెల్లెలు లాంటి వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. రెండూ తొమ్మిదేసి అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్లను కట్టే ఇటుకలు, గొలుసుగా చేరినవే, అందులో రెండే తేడా. మన మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోస్తాయి, అందులో చాలా భాగం తిరిగి నెత్తుట్లోకే వెళ్తుంది. చివర్లో ఎంత నీరు వెనక్కి తీసుకోవాలో చెప్పేది వాసోప్రెసిన్. అది ఎక్కువుంటే మూత్రం కొద్దిగా, పచ్చగా వస్తుంది. అది బొత్తిగా లేని జబ్బులో మనిషి రోజుకు పది, పదిహేను లీటర్లు కూడా పోస్తాడు. మద్యం ఈ హార్మోన్‌ను అణుస్తుంది, అందుకే బీరు తాగినవాళ్లు తాగిన దానికన్నా ఎక్కువసార్లు లేస్తారు.

నాకు ఇందులో ముచ్చటగా అనిపించేది వేరే ఉంది. చల్లని నీళ్లు గొంతులో దిగగానే దాహం తగ్గుతుంది కదా. ఆ నీరు ఇంకా నెత్తుట్లోకి చేరలేదు, చిక్కదనం ఇంకా తగ్గలేదు. నోరూ గొంతూ నరాల ద్వారా నీళ్లు వచ్చాయని ముందే మెదడుకు చెబుతాయి. మెదడు వాళ్ల మాట నమ్మి వాసోప్రెసిన్ తగ్గించేస్తుంది. అలా నమ్మకపోతే, నెత్తురు పలుచనయ్యేదాకా తాగుతూనే ఉండి, కడుపు ఉబ్బి కూర్చునేవాళ్లం. వయసు పైబడ్డాక దాహం కబురు మందగిస్తుంది. ఇక్కడున్న పెద్దవాళ్లు దాహం కోసం ఎదురుచూడకుండా వేసవిలో గడియారం చూసి తాగండి. గుండె, కిడ్నీ జబ్బుకు నీళ్లు తగ్గించమన్న వాళ్లు మాత్రం మీ డాక్టరు చెప్పిన లెక్కే పాటించండి.

పీయూష గ్రంథి ముందు భాగానికి హైపోథలామస్ నుంచి నరాల తోకలు రావు. బుల్లి రక్తనాళాల గుండా రసాయనాలే వస్తాయని జెఫ్రీ హ్యారిస్ అనే ఆయన ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి వాదించాడు. ఆ రసాయనాలను పట్టుకోవడానికి రోజర్ గిమిన్ గొర్రెల మెదళ్లు, ఆండ్రూ షాలీ పందుల మెదళ్లు లక్షల లెక్కన నూరారు. 1969లో మొదటిది దొరికింది. మూడే అమైనో ఆమ్లాల ముక్క. పీయూష గ్రంథి చేత టీఎస్‌హెచ్ విడుదల చేయించడం దాని పని. టీఎస్‌హెచ్ మెడలోని థైరాయిడ్ గ్రంథిని పనిచేయిస్తుంది. థైరాయిడ్ హార్మోన్ చాలినంత ఉంటే మెదడు, పీయూషం రెండూ గొంతు తగ్గిస్తాయి.

మీ రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువ వస్తే థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తోందని కంగారు పడేవాళ్లు చాలామంది ఉన్నారు. టీఎస్‌హెచ్ గ్రంథి చేసిన పని లెక్క చెప్పదు, గ్రంథిని అదిలించే కేక అది. గ్రంథి మొరాయించిన కొద్దీ కేక పెరుగుతుంది. మాత్ర డోసు మార్చిన వారానికే మళ్లీ ల్యాబుకు వెళ్లకండి. ఆ హార్మోన్ సగం కరగడానికే వారం పడుతుంది, అది ఒక స్థాయిలో కుదురుకుని పీయూషానికి నమ్మకం కలిగేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఆలోపు తీసిన రిపోర్టు డబ్బు దండగ, టెన్షన్ అదనం.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న చోటికి వచ్చాం. ఎడ్రినల్ గ్రంథి పై పొర కార్టిసాల్ తయారు చేస్తుంది. తెల్లవారుజామున పెరిగి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. జబ్బు, దెబ్బ, ఆపరేషన్ లాంటి కష్టం వస్తే మెదడు చెప్పి దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్, కీళ్లవాతంతో మంచాన పడిన ఒక యువతికి దీని బంధువైన కార్టిసోన్ ఇచ్చాడు. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. 1950లోనే కెండాల్, రైచ్‌స్టైన్‌లతో కలిపి ఆయనకు నోబెల్ వచ్చింది. కార్టిసాల్‌ను పోలిన ఇలాంటి మందులనే మనం స్టెరాయిడ్ అంటాం. ఆస్తమాలో, ఇంకెన్నో జబ్బుల్లో స్టెరాయిడ్ ప్రాణం నిలబెడుతుంది. అది తప్పుడు మందేమీ కాదు.

మన ఊళ్లలో జరుగుతున్నది వేరు. మోకాళ్ల నొప్పులకని పేరు లేని పొడులు, రంగు మాత్రలు ఇస్తారు. రెండు రోజుల్లో నొప్పి మాయం, ఆకలి బాగుంటుంది, ముఖం గుండ్రంగా నిండుతుంది. ఆ మందుల్లో స్టెరాయిడ్ కలిపి ఉండటం డాక్టర్లకు కొత్త విషయమేమీ కాదు. లోపల ఏమవుతోందంటే, మెదడు నెత్తుట్లో కావలసినంత స్టెరాయిడ్ చూసి ఎడ్రినల్‌కు పని చెప్పడం మానేస్తుంది. ఇంటి ముందుకు రోజూ నీళ్ల ట్యాంకరు వస్తుంటే బోరు మోటారు ఎవరు వేస్తారు? నెలల తర్వాత ట్యాంకరు రాని రోజు స్విచ్ వేస్తే, మోటారు పట్టేసి ఉంటుంది. మూడు వారాలకు మించి వాడితే ఎడ్రినల్ అలా నిద్రపోయి ఉండవచ్చు. పొడి అయిపోయిందనో, ఎవరో భయపెట్టారనో ఒక్కసారిగా ఆపేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం. అదే సమయంలో జ్వరం వచ్చిందా, ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని గ్యాస్ట్రిక్ అనో వడదెబ్బ అనో అనుకుని సెలైన్ పెట్టి పంపేస్తే మనిషి దక్కకపోవచ్చు. అందుకని అలాంటివి వాడినవాళ్లు ఆ పొట్లం కూడా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. సిగ్గుపడొద్దు. మెల్లమెల్లగా తగ్గిస్తూ ఆ గ్రంథిని లేపాలి, దానికి నెలలు పట్టొచ్చు.

సమయం అయిపోయిందని అధ్యక్షుల వారు చూస్తున్నారు. ఒక ప్రశ్న తీసుకుంటాను. వెనక వరసలో అమ్మా, చెప్పండి.

(ప్రశ్న: సార్, టెన్షన్ పడితే షుగర్ పెరుగుతుందంటారు, నిజమా? మా ఆయనకు షుగరు, బీపీ రెండూ ఉన్నాయి.)

నిజమేనమ్మా. క్లాడ్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1849లోనే కుందేలు మెదడు కాండంలో ఒకచోట సూదితో గుచ్చితే దాని మూత్రంలో చక్కెర వచ్చిందని చూపించాడు. మెదడు నరాల ద్వారా కాలేయానికి, ఎడ్రినల్‌కు చెబుతుంది, కాలేయం దాచిన చక్కెరను వదులుతుంది. మామూలు మనిషికి ఇన్సులిన్ దాన్ని సర్దేస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకు సర్దలేదు. అయితే మీరు ఇంకా జాగ్రత్తగా చూడాల్సింది షుగర్ పడిపోయినప్పుడు. అప్పుడు గుండె దడ, చేతుల వణుకు, చెమట వస్తాయి. అవి మెదడు మోగించే గంట. బీపీకి ఆయన ఏ మాత్ర వాడుతున్నారు? మెటోప్రొలాలా? అది బీటా బ్లాకర్. ఎడ్రినలిన్‌ను గుండె దగ్గర అడ్డుకుంటుంది కాబట్టి దడ, వణుకు సరిగా తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, ఎందుకంటే చెమట గ్రంథులకు వెళ్లే నరాలు వదిలేది ఎసిటైల్‌కోలిన్, ఆ మాత్ర దాని జోలికి పోదు. మాత్ర మీరు సొంతంగా ఆపొద్దు. ఆయనకు ఊరికే చల్లగా చెమట పట్టి, మాట తడబడి, చిరాకు పడుతుంటే ముందు షుగర్ చూడండి. మెషీన్ దగ్గర లేకపోతే, స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్లీ చూడండి, తగ్గే ఉంటే ఇంకోసారి ఇచ్చి ఆస్పత్రికి బయల్దేరండి.